నిమిత్తమాత్రుని బాధ్యత

కొన్ని మాటలు అవమానం వల్ల కాక, అతిగౌరవం వల్ల చెడిపోతాయి. "నిమిత్తమాత్రుడు" అట్టి మాట. విశ్వరూపం కనబరచిన సందర్భాన శ్రీకృష్ణుడు అర్జునునితో పలికిన ఈ మాట, నేడు తెలుగులోనూ హిందీలోనూ సభామర్యాదగా మారిపోయినది. సన్మానం పొందేవాడు శాలువ సవరించుకొంటూ తాను నిమిత్తమాత్రుణ్ణంటాడు, అది వినయమనిపించుకొంటుంది. చేతిలోని పని చెడగొట్టినవాడు తల వంచుకొని అదే మాట అంటాడు. అది కూడ వినయంగానే చెల్లిపోతుంది. మొదటివానిని మెచ్చుకొన్న లోకం రెండవవానిని ప్రశ్నించడానికి మొగమాటపడుతుంది.

ఈ మొగమాటానికి వెల ఉన్నది. 2022 అక్టోబరు 30వ తేదీ సాయంకాలం గుజరాతులోని మోర్బీ పట్టణంలో మచ్ఛూ నదిపై వేలాడే వంతెన తెగిపడి 135 మంది మరణించినారు. మరమ్మతులు ముగిసినవని దానిని ప్రజలకు తెరిచి నాలుగు దినాలే అయినది. నడిచే పలకలు మార్చినారే గాని, పాత తీగత్రాళ్లను మార్చలేదని అభియోగపక్షం న్యాయస్థానానికి విన్నవించినది. వంతెన నిర్వహణ చేపట్టిన సంస్థలోని ఒక అధికారి అదే న్యాయస్థానంలో, ఇది భగవదిచ్ఛ అన్నట్లు పత్రికలు ప్రకటించినవి. ఇట్టి సమయాన ఇట్టి మాట నోటికి ఎట్లా అందుతుంది? పురాణ కాలక్షేపాలలోనూ, వేదాంతోపన్యాసాలలోనూ కర్తృత్వత్యాగమనే మహాసాధనను సగానికి కోసి, తేలికైన సగాన్ని మాత్రమే తరతరాలుగా పంచిపెట్టినవారు ఈ ప్రశ్నకు సమాధానం చెప్పుకోవలసి ఉన్నది.

మహేంద్రనాథ గుప్త బెంగాలీలో సంకలించిన శ్రీరామకృష్ణ కథామృతంలో ఈ వ్యాధిని గురించిన కథ ఒకటి కలదు. ఒక బ్రాహ్మణుడు ఎంతో శ్రమపడి పూలతోట పెంచినాడు. ఒకనాడు ఆవు చొరబడి మొక్కలు మేసినది. అతడు కోపం పట్టలేక కొట్టగా ఆవు చచ్చినది. గోహత్యాపాతకం ఎదుట వచ్చి నిలువగానే అతనికి వేదాంతం జ్ఞాపకం వచ్చినది. చేతికి అధిదేవత ఇంద్రుడు గదా. కనుక కొట్టినవాడు ఇంద్రుడే! పాపం ఇంద్రుని వెతుకుకొంటూ పోయినది. ఇంద్రుడు ముసలి బ్రాహ్మణుని వేషంలో తోటకు వచ్చి, ఇంత చక్కని తోట వేసినదెవరని అడిగినాడు. నేనే అన్నాడతడు. ఈ చెట్లు నాటించినది? నేనే. ఈ బాట తీర్చినది? అదీ నేనే. అప్పుడు ఇంద్రుడు, తోట నీది, గోహత్య మాత్రం నాదా అని నిలవేసినాడు. ఇంతకన్న సూటియైన పరీక్ష మన వాఙ్మయంలో అరుదు. ఒకడు నిజంగా కర్తృత్వం విడిచినాడా అన్నది తేల్చడానికి అతని గోహత్యను గురించి అడగనక్కరలేదు. తోటను గురించి అడిగితే చాలును.

ఈ బ్రాహ్మణుని పక్షాన గీతను సాక్ష్యానికి పిలిచేవారు పదకొండవ అధ్యాయంతోనే పుస్తకం మూసివేస్తారు. పద్దెనిమిదవ అధ్యాయం కర్మసిద్ధికి అయిదు హేతువులను చెప్పినది: అధిష్ఠానం, కర్త, కరణాలు, వివిధ చేష్టలు, దైవం. దైవం అయిదింటిలో ఒకటి. కర్త పేరును అక్కడ ఎవరును కొట్టివేయలేదు. తానొక్కడే సర్వానికీ కర్తనని తలచేవానిదే తప్పు చూపని చెప్పినారు. తోట బ్రాహ్మణుడొక్కడే పెంచినది కాదు. మన్ను, నీరు, ఋతువు అతనితో కలిసి పెంచినవి. అంతమాత్రాన కర్ర అతని చేతిలో లేదనడం ఎట్లు? అదే అధ్యాయంలో శ్రీకృష్ణుడు చెప్పవలసినదంతా చెప్పి, పూర్తిగా విచారించి నీ ఇచ్చ వచ్చినట్లు చేయుమని నిర్ణయాన్ని అర్జునునికే విడుస్తాడు. కీలుబొమ్మతో ఎవరును ఇట్లా మాట్లాడరు.

బ్రహ్మసూత్రాల రెండవ అధ్యాయం మూడవ పాదంలో జీవుడు కర్తయా, కాదా అన్న చర్చ వచ్చినది. కర్త కాకపోతే విధినిషేధాలు చెప్పే శాస్త్రమంతా వ్యర్థమౌతుందన్నది అక్కడి మొదటి యుక్తి. రామానుజులు జీవుని కర్తృత్వం పరమాత్మాధీనమన్నారే గాని, అసలే లేదనలేదు. శంకరులు దానిని అధ్యాస అన్నారు. ఆ అధ్యాస తొలగేవరకు విధి, నిషేధం, ఫలం అన్నీ నిలిచే ఉంటవని కూడ అన్నారు. జ్ఞాని పలుకవలసిన వాక్యాన్ని అజ్ఞాని అరువు తెచ్చుకొంటే వాక్యం అతనిది కాదు, కర్మ మాత్రం అతనిదే.

ఉత్తరాదిని ఈ అరువు తులసీదాసు పేర సాగుతుంది. రాముడు నిర్ణయించినదే జరుగుతుందన్న అర్థం గల చరణం అక్కడ పండితునికీ పామరునికీ నోట ఉన్నది. మానసంలో ఆ మాట అనుకొన్నవాడు శివుడు, సతి రాముని పరీక్షించడానికి పోయినప్పుడు. చెప్పవలసినది చెప్పి, వివేకంతో మెలగుమని హెచ్చరించి పంపిన తరువాత పుట్టిన ఊరట అది. ఆ గ్రంథంలోనే, సుందరకాండలో, లక్ష్మణుడు సముద్రతీరాన నిలిచి, దైవాన్ని తలచి మొరపెట్టడం సోమరుల పని అని రాముని ఎదుటనే విసుగుకొంటాడు. రాముడు నవ్వి ఓపిక పట్టుమంటాడే గాని కోపించడు. మొదటి చరణం వచ్చినవారికి రెండవది ఎందుకు రాదో! తెలుగువారికి పోతన ఉన్నాడు. పలికించేవాడు రామభద్రుడని అన్న పోతన కీర్తితో పాటు ఫలాన్ని కూడ విడిచినాడు; భాగవతాన్ని ఏ రాజుకూ అంకితమీయలేదు. ఆయన పద్యం చదివి శాలువ కప్పించుకొనేవారు ఈ భాగం దగ్గర గొంతు తగ్గిస్తారు.

ఒక ఆక్షేపణ మాత్రం బలమైనది. తప్పు నాదని కుమిలిపోవడం కూడ అహంకారమే గదా అని అడుగుతారు. ఔను, అహంకారమే; పశ్చాత్తాపాన్ని ఆభరణంగా ధరించేవారు లోకంలో లేకపోలేదు. కాని కుమిలిపోవడం వేరు, జవాబు చెప్పడం వేరు. రైలెక్కిన తరువాత కూడ మూటను నెత్తిన మోసేవాని దృష్టాంతం రమణ మహర్షి చెప్పినది. భారం రైలు మోస్తున్నది, దానిని దించి హాయిగా కూర్చుండుమన్నారు. ఆ మూటను ప్రక్కవాని ఒడిలో పెట్టుమనలేదు, కిటికీలోనుండి పారవేయుమనీ అనలేదు. నేను కర్తను కానన్న ఆ మహనీయుడు తెల్లవారకముందే ఆశ్రమ వంటశాలకు వచ్చి స్వయంగా కూరలు తరిగేవారు.

1922 ఫిబ్రవరిలో గోరఖ్‌పూరు జిల్లా చౌరీచౌరాలో ఒక గుంపు ఠాణాకు నిప్పు పెట్టగా 20 మందికి పైగా పోలీసులు మరణించినారు. గాంధీజీ అప్పుడు ఎంతో దూరాన, బార్డోలీలో ఉన్నారు. హింస వద్దని ఆయన పదేపదే చెప్పి ఉన్నారు. నిమిత్తమాత్రుణ్ణనడానికి ఇంతకన్న అనువైన అవకాశం ఎవరికి దొరుకుతుంది? ఆయన ఉద్యమాన్ని నిలిపి అయిదు దినాలు ఉపవసించినారు. సహచరులలో పలువురు ఆగ్రహించినారు. ఆ నిర్ణయం తగినదా అన్న వాదం నేటికీ తీరలేదు, అది వేరు సంగతి. మార్చి 18న అహమ్మదాబాదులో విచారణ జరిగినప్పుడు, సర్కారు న్యాయవాది చౌరీచౌరా నిందను తనపై మోపగా, ఆయన దానిని అంగీకరించి, చట్టంలో ఉన్న గరిష్ఠ శిక్షను కోరినారు. ఆరేండ్ల శిక్ష పడినది. 1929లో కౌసానిలో తన గుజరాతీ గీతానువాదానికి పీఠిక వ్రాసి, ఆ గ్రంథానికి అనాసక్తియోగమని పేరు పెట్టినవారు ఈయనే. ఫలత్యాగమంటే ఫలితాన్ని పట్టించుకొనకపోవడం కాదని, చేసే ప్రతి పనికీ రాగల ఫలితమేమో, దానికి సాధనమేమో, తనకు శక్తి ఎంత ఉన్నదో ఎరిగి ఉండవలెనని ఆ పీఠికలో వివరించినారు. నది మీది త్రాటిని మార్చవలెనా, మానవలెనా అన్న ప్రశ్నకు జవాబు ఆ పీఠికలో ఉన్నది.