బెల్టు ఉందిగా అని నమ్మెయ్యొచ్చా?

మా టీములో ఒక పెద్దాయన ఉన్నారు. టెక్సాస్ మనిషి, వేటంటే పిచ్చి. పేలిన తూటాల ఇత్తడి కేసుల్ని పారెయ్యకుండా మళ్ళీ నింపుకుంటారు. మొన్న శనివారం ఆయన గరాజులో కూర్చుని ఆ తతంగమంతా చూశాను. (తుపాకుల మీద నా అభిప్రాయం అడక్కండి, అది వేరే టపా.)

.300 విన్‌చెస్టర్ మాగ్నమ్ కేసు ఒకటి నా చేతిలో పెట్టారు. అడుగున ఉంగరంలా ఒక పట్టీ, అదే బెల్టు. దానికి కాస్త పైన చుట్టూ సన్నటి మెరుపు గీత. అక్కడ లోహం పల్చబడిందట, ఇంకోసారి కాలిస్తే రెండు ముక్కలవ్వచ్చట! లోపలి ఒత్తిడి చదరపు అంగుళానికి 64,000 పౌండ్ల దాకా వెళ్తుంది. వెనకాల ఉండేది మనిషి మొహం.

ఈ బెల్టుకి పేరు తెచ్చింది 1912 నాటి .375 హాలండ్ అండ్ హాలండ్ మాగ్నమ్. సీసాకి మెడ కింద ఉన్నట్టే కేసుకీ ఒక భుజం ఉంటుంది. .375లో అది మరీ ఏటవాలు, తూటాని చాంబర్లో సరైన చోట ఆపలేదు. ఆ పని బెల్టు చేస్తుంది. 1963లో వచ్చిన .300 విన్‌చెస్టర్‌కి భుజం బాగానే ఉంది, అయినా బెల్టు వచ్చేసింది. అచ్చం మన పాత కోడు లాగే అన్నమాట.

అసలు చిక్కు కేసుని మళ్ళీ సైజుకి తెచ్చేటప్పుడు. డైని షెల్ హోల్డరుకి తగిలేదాకా దించడం మామూలు పద్ధతి. దాంతో భుజం అవసరానికి మించి వెనక్కి పోవచ్చు. బెల్టు ఆపుతుంది కాబట్టి తూటా పేలుతుంది, తప్పు కనపడదు. కానీ పేలినప్పుడల్లా కేసు ముందుభాగం చాంబరు గోడకి అతుక్కుంటుంది, వెనకభాగం బోల్టు దాకా సాగుతుంది. సాగేది ఆ గీత దగ్గరే.

అందుకే ఆయన తన రైఫిల్లో పేలిన కేసుని కొలిచి, భుజాన్ని అంగుళంలో వెయ్యోవంతులు రెండు మాత్రమే వెనక్కి నెడతారు. కొస వంచిన పేపర్ క్లిప్పుతో లోపలి గోడ తడుముతారు. గాడి తగిలిందా, చెత్తబుట్టకే.

బెల్టే దండగ అనేవాళ్ళున్నారు. నేనొప్పుకోను, .375కి అది కావాలి. నా గొడవల్లా ఎర్రర్ రాలేదు కదా అని డీఫాల్టుని నమ్మెయ్యడంతోనే. పాత సిస్టం నుంచి కాపీ చేసిన ఒక టైమవుట్ విలువ ఎందుకుందో అడక్కుండా వదిలేసి, పోయినేడు రెండు రాత్రులు జాగారం చేశాను. నాకు పోయింది నిద్రే. ఆయనకైతే కన్ను పోయేది.

మీ సిస్టంలో ఇలాంటి బెల్టులు ఎన్నున్నాయి?