కాలేయంలో మారుతున్న మీటలు

హెపటైటిస్ సి సోకినవారిలో మధుమేహం కూడా ఎక్కువగా కనిపిస్తుందని వైద్యులు చాలాకాలంగా గమనిస్తున్నారు. కాలేయానికి పట్టిన వైరస్‌కూ, రక్తంలోని చక్కెరకూ సంబంధమేమిటని పాఠకులకు సందేహం కలగడం సహజమే.

మన కణాలలోని ప్రొటీన్లు ఇంట్లోని దీపాల వంటివి. మీట నొక్కితేనే వెలుగుతాయి. ఇక్కడ మీట ఒక చిన్న ఫాస్ఫేట్ ముక్క. కైనేజులనే ఎంజైములు దానిని ప్రొటీనుకు అతికిస్తాయి, ఫాస్ఫటేజులు ఊడదీస్తాయి. ఈ అతికింపునే ఫాస్ఫోరిలేషన్ అంటారు. 1950లలో దీనిని వెలికితీసిన ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్‌లకు 1992లో నోబెల్ బహుమతి లభించింది.

భోజనం తరువాత విడుదలైన ఇన్సులిన్ కాలేయ కణాన్ని తాకగానే, లోపలనున్న ఐఆర్ఎస్-1 అనే ప్రొటీనుపై టైరోసిన్ ఉన్నచోట ఫాస్ఫేట్ చేరుతుంది. చక్కెరను నిల్వ చేయమన్న కబురు ముందుకు సాగుతుంది. హెపటైటిస్ సి వైరస్‌లోని కోర్ ప్రొటీను ఇక్కడే అడ్డుపడుతుంది. అదే ఐఆర్ఎస్-1 పై సెరిన్ ఉన్నచోట ఫాస్ఫేట్ చేరేటట్లు చేస్తుంది. చేరింది అదే ముక్క, చోటు మాత్రం వేరు. అంతటితో కబురు ఆగిపోతుంది. ఇన్సులిన్ తలుపు తడుతూనే ఉంటుంది, కణానికి వినిపించదు. వయసు, అధిక బరువు, వంశపారంపర్యం కూడా మధుమేహానికి కారణాలేనన్నది మరువరాదు.

ఆశ్చర్యమేమంటే, ఈ వైరస్‌కు సొంత కైనేజు ఒక్కటీ లేదు. ఎన్ఎస్5ఎ అనే దాని ప్రొటీనుకు కావలసిన ఫాస్ఫేట్లను అతికించేవి కూడా మన కైనేజులే! డక్లాటాస్విర్ అనే మందు ఈ ఎన్ఎస్5ఎను పట్టుకొని, దానిపై ఫాస్ఫేట్లు అధికంగా చేరకుండా ఆటంకపరుస్తుంది. వైరస్ తన ప్రతులను తయారుచేసుకోలేకపోతుంది. సోఫోస్బువిర్‌తో కలిపి సాధారణంగా 12 వారాలు వాడితే నూటికి తొంభైమందికి పైగా వైరస్ నుండి విముక్తి పొందుతున్నారు. వారిలో కొందరికి చక్కెర అదుపు కూడా మెరుగుపడుతోంది.

ఇంతటి చికిత్స ఉన్నా, రోగం బయటపడిన ఇంట్లో కోడలికి వేరే కంచం, వేరే గ్లాసు పెట్టే అలవాటు ఇంకా పోలేదు. ఒకే దస్తర్‌ఖాన్‌పై కూర్చొని తినడం వల్ల ఈ వ్యాధి సోకదు. రక్తం అంటిన బ్లేడు, శుభ్రపరచని సూది, పరీక్షించని రక్తం ద్వారానే ఎక్కువగా సోకుతుంది. దీనికి టీకా లేదు. టీకా ఉన్నది హెపటైటిస్ బి కి. మొదట యాంటీబాడీల పరీక్ష చేస్తారు. అందులో పాజిటివ్ వచ్చినంత మాత్రాన వైరస్ ఇప్పుడు ఒంట్లో ఉన్నట్లు కాదు, ఆర్‌ఎన్‌ఏ పరీక్షతోనే అది తేలుతుంది. అప్పటికే కాలేయం గట్టిపడిపోయినవారు మాత్రం వైరస్ పోయిన తరువాత కూడా ప్రతి ఆరు నెలలకు స్కానింగ్ చేయించుకుంటూ ఉండాలి.