బూత్‌ లెక్క ఊరికి తెలియకూడదు

పల్నాడులోని మాచర్ల నియోజకవర్గ రాజకీయాలకు వెల్దుర్తి మండలం పుట్టిల్లు. ఏళ్ల తరబడి ఎదురెదురుగా నిలిచిన రెండు కుటుంబాలూ ఇక్కడివే. జూలకంటి వారిది వెల్దుర్తి, పిన్నెల్లి వారిది అదే మండలంలోని కండ్లకుంట. 1999లో తెలుగుదేశం తరఫున జూలకంటి దుర్గాంబ, 2004లో కాంగ్రెస్‌ తరఫున పిన్నెల్లి లక్ష్మారెడ్డి గెలిచారు. తర్వాత పిన్నెల్లి రామకృష్ణారెడ్డి 2009లో కాంగ్రెస్‌ నుంచి, 2012 ఉపఎన్నికలోనూ 2014, 2019లలోనూ వైఎస్సార్‌ కాంగ్రెస్‌ నుంచి వరుసగా నెగ్గారు. 2024లో దుర్గాంబ కుమారుడు బ్రహ్మానందరెడ్డి ఆయనను 33 వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడించారు.

ఈ వరుస చూసి ఇక్కడి ఓటరు వర్గానికి కట్టుబానిస అనుకుంటే పొరపాటు. 2019లో ఒక పార్టీకి 21 వేలకు పైగా మెజారిటీ కట్టబెట్టిన నియోజకవర్గమే అయిదేళ్లకు అంతకు మించిన తేడాతో తీర్పు మార్చింది. మాచర్ల ఉన్న నరసరావుపేట ఎంపీ స్థానంలో లావు శ్రీకృష్ణదేవరాయలు 2019లో వైఎస్సార్‌ కాంగ్రెస్‌ తరఫున, 2024లో తెలుగుదేశం తరఫున గెలిచారు. కాబట్టి మొగ్గు పార్టీ జెండాను బట్టే ఉంటుందనీ, మనిషిని బట్టే ఉంటుందనీ చెప్పలేం. నీటి సంగతే తీసుకోండి. నాగార్జునసాగర్‌ దగ్గరలోనే ఉన్నా వెల్దుర్తి మెట్ట పొలాలకు నీళ్లు లేవు. వరికపూడిశెల ఎత్తిపోతలకు 2023 నవంబరు 15న, ఎన్నికలకు ఆరు నెలల ముందు, శంకుస్థాపన జరిగింది. ఆ తర్వాతి ఎన్నికలో అధికార పార్టీ ఇక్కడ ఓడిపోయింది. శిలాఫలకానికీ పారే నీటికీ తేడా రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఓటరుకు ఆలోచన ఉంది. లేనిది రక్షణ. మీట నొక్కిన మనిషి ఎవరికి వేశాడో తెలియకపోవచ్చు గానీ, అతని ఊరు ఎటు వేసిందో లెక్కింపు రోజే తెలిసిపోతుంది. ఒక్కో రౌండులో యంత్రాలు తెరిచి అంకెలు చూపిస్తుంటే ఏజెంట్లు బూత్‌ నంబరు పక్కన ఏ పార్టీకి ఎన్ని పడ్డాయో రాసుకుంటారు. తుది ఫలితం ప్రకటించేలోపే ఆ అంకెలు ఫోన్లో ఊరికి చేరతాయి. తర్వాత ఫారం 20లో ఎన్నికల సంఘమే బూత్‌లవారీ పట్టిక అచ్చువేసి ఇస్తుంది. తండాకో కాలనీకో ఒకే బూత్‌ ఉన్నచోట ఇక రహస్య ఓటింగ్‌ అన్న మాటకు అర్థమేముంది?

ఆ లెక్క తప్పితే ఏమవుతుందో పల్నాడు చూస్తూనే ఉంది. 2019 ఎన్నికల తర్వాత పక్క దుర్గి మండలంలోని ఆత్మకూరు నుంచి తమవారిని తరిమేశారంటూ తెలుగుదేశం గుంటూరులో శిబిరం పెట్టి, సెప్టెంబరు 11న చలో ఆత్మకూరుకు పిలుపునిచ్చింది. 2024 తర్వాత ఊరు విడిచామన్న ఫిర్యాదులు అవతలి పార్టీ నుంచి వచ్చాయి. వెల్దుర్తి మండలం గుండ్లపాడులో 2022 జనవరిలో ఒక తెలుగుదేశం నాయకుడు హత్యకు గురయ్యారు. 2025 మేలో అదే ఊరివారు మరో ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. 2024 పోలింగ్‌ రోజు రెంటచింతల మండలం పాల్వాయిగేటు బూత్‌లో ఈవీఎం పగిలిన దృశ్యాలను దేశమంతా చూసింది. ఇదంతా పల్నాటి పౌరుషమని సర్దిచెప్పేవారున్నారు. 12వ శతాబ్దపు కారంపూడి యుద్ధాన్ని నేటి నేరాలకు సాకుగా తేవడం పోలీసుల వైఫల్యాన్ని కప్పిపుచ్చడమే.

దీనికి మందు ఎప్పుడో కనిపెట్టారు. బ్యాలెట్ల కాలంలో ఓటర్లపై బెదిరింపులు, కక్షసాధింపు జరుగుతాయన్న భయం ఉన్నచోట బూత్‌ల ఓట్లు కలిపేసి లెక్కించేందుకు 59ఎ నిబంధన ఉంది. ఈవీఎంలు వచ్చాక ఆ రక్షణ పోయింది. 14 యంత్రాల ఓట్లు కలిపి ఒకే మొత్తంగా చూపే టోటలైజర్‌ను వాడదామని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. లా కమిషన్‌ 2015లో తన 255వ నివేదికలో సమర్థించింది. కేంద్రం మాత్రం ఒప్పుకోలేదు. బూత్‌లవారీ ఫలితం తెలిస్తే పార్టీలు తాము వెనకబడ్డ చోట మరింత పనిచేస్తాయన్నది దాని వాదన. ఢిల్లీలో కూర్చుంటే అది సబబుగానే తోచవచ్చు. వెల్దుర్తిలో ఆ 'పని' ఏ రూపంలో జరుగుతుందో పైన చెప్పిందే. ఓట్లు కలిపేస్తే లెక్కలో పారదర్శకత పోతుందన్న అనుమానానికీ జవాబుంది. ఏ బూత్‌లో మొత్తం ఎన్ని ఓట్లు పోలయ్యాయో ఫారం 17సిలో ఏజెంట్ల చేతికి వస్తుంది కనుక కూడికను ఎవరైనా సరిచూసుకోవచ్చు.

పోటీయే లేకుండా చేసే ఏకగ్రీవాలది ఇంకో తంతు. 2021 మున్సిపల్‌ ఎన్నికల్లో మాచర్ల పట్టణంలోని వార్డులన్నీ ఏకగ్రీవమయ్యాయి. ఒక్క వార్డులోనూ ఓటరుకు ఓటేసే అవసరం రాలేదు. పంచాయతీలైతే పోటీ లేకుండా చేసినందుకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రభుత్వమే ప్రోత్సాహకం ఇచ్చింది. నామినేషన్‌ వేయనివ్వని చోటా, ఊరంతా కలిసి నిర్ణయించుకున్న చోటా ఒకే బహుమతి! రాష్ట్ర ప్రభుత్వం ఈ ప్రోత్సాహకాన్ని వెంటనే రద్దు చేయాలి. ఒక్క నామినేషనే మిగిలితే నోటాతో పోటీ పెట్టాలి.

టోటలైజర్‌కు కొత్త చట్టం అక్కర్లేదు. ఎన్నికల సంఘాన్ని సంప్రదించి 1961 నాటి ఎన్నికల నిర్వహణ నిబంధనలను సవరిస్తే చాలు, అది కేంద్రం చేతిలో పని. కేంద్ర ప్రభుత్వంలో తెలుగుదేశం భాగస్వామి. లోక్‌సభలో ఆ పార్టీ పక్ష నాయకుడు నరసరావుపేట ఎంపీయే. ఈ సవరణను ఆయనే సభలో అడగాలి, ప్రతిపక్షంగా వైఎస్సార్‌ కాంగ్రెస్‌ బలపరచాలి.