మూడున్నర లక్షల డబ్బాలో ఘంటసాల

ముందే చెప్పేస్తున్నా, ఇది చదివాక కొంతమందికి ఒళ్ళు మండుతుంది. మండనీండి. ఈఎంఐ కట్టి మరీ మ్యూజిక్ స్ట్రీమర్ కొన్న మిత్రులు నాకు కనీసం నలుగురున్నారు. నలుగురూ సాఫ్ట్‌వేర్ వాళ్ళే. పగలంతా నెట్‌వర్క్ ప్యాకెట్లతో కుస్తీ పట్టి, సాయంత్రం ఇంటికెళ్ళి "ఈథర్నెట్ కేబుల్ మార్చాక వయొలిన్ మెత్తబడిందిరా" అంటారు. తెలియని వాళ్ళు అంటే పోనీలే అనుకుంటాం. టీసీపీ అంటే ఏంటో ఇంటర్వ్యూల్లో పది మందిని అడిగి రిజెక్ట్ చేసిన వాళ్ళు కూడా అంటుంటే ఎలాగండీ?

స్ట్రీమర్ అంటే పెద్ద బ్రహ్మపదార్థం ఏమీ కాదు. ఇంటర్నెట్లోంచో ఇంట్లో హార్డ్ డిస్కులోంచో పాట ఫైలు తెచ్చి డాక్‌కి, అంటే అంకెల్ని శబ్దంగా మార్చే పెట్టెకి, అందించే చిన్న కంప్యూటర్. కొన్నిట్లో డాక్ కూడా లోపలే ఉంటుంది. లిన్ వాళ్ళు 2007లో క్లైమాక్స్ డీఎస్ తెచ్చారు. అప్పట్నించీ ఈ చిన్న కంప్యూటర్‌కి అల్యూమినియం చొక్కా తొడిగి లక్షల్లో అమ్మడం ఓ వ్యాపారమైంది.

సంక్రాంతికి ఏలూరు వెళ్ళినప్పుడు పవర్‌పేటలో ఉండే నా చిన్ననాటి స్నేహితుడు పిలిచాడు. మూడున్నర లక్షలు పెట్టి కొత్త స్ట్రీమర్ తెచ్చాడట, వినాలట. వెళ్తే స్పీకర్లలోంచి సన్నగా జుమ్మని రొద. "కరెంట్ బాలేదురా, పవర్ కండిషనర్ తీసుకోమన్నాడు షాపతను, తొంభై వేలు" అన్నాడు. పెరట్లోకి వెళ్ళి చూస్తే ఎర్తింగ్ గొయ్యి బీటలు వారి ఉంది. చుట్టూ కొల్లేరు పెట్టుకుని మావాడి ఎర్తింగ్ గొయ్యి మాత్రం ఎండిపోయింది! రెండు బకెట్ల నీళ్ళు పోశాం, వదులైన ఎర్త్ తీగ బిగించాం. రొద ముప్పాతిక వంతు పోయింది. తొంభై వేలు మిగిలాయి, నాకు మాత్రం ఒక్క అరిసె దక్కింది.

సరే, అసలు పరీక్ష. నా బ్యాగులో రాస్ప్‌బెర్రీ పై ఉంది, కార్డూ కేసూ కలిపి ఆరేడు వేలు. అదీ, వాడి స్ట్రీమరూ రెండూ యూఎస్‌బీతో ఒకే డాక్‌కి, ఒకే పాట, వాల్యూమ్ ముట్టుకోకుండా. వాడు గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఏది వాయించాలో బొమ్మాబొరుసూ వేసి వాళ్ళావిడ మార్చింది. పన్నెండుసార్లలో ఏడుసార్లు సరిగ్గా చెప్పాడు. "చూశావా, ఏడు!" అన్నాడు. పన్నెండుసార్లు నాణెం ఎగరేస్తే ఏడో అంతకన్నా ఎక్కువో సరిపోవడానికి దాదాపు 39 శాతం అవకాశం ఉంది. వాడు డేటా సైన్స్‌లో లీడ్, నేను చెప్పక్కర్లేదు. అయినా చెప్పాను.

ఎందుకు తేడా ఉండదో మనవాళ్ళకి ఒక పేరాలో చెప్పొచ్చు. ప్యాకెట్ పోతే మళ్ళీ వస్తుంది. వచ్చిందంతా బఫర్లో కూర్చుంటుంది. ఫ్లాక్ ఫైల్లో అసలు శబ్దానికి ఎండీ5 కూడా రాసి ఉంటుంది, కావాలంటే సరిచూసుకోవచ్చు. ఇక జిట్టర్. ఇప్పటి యూఎస్‌బీ డాక్‌లు దాదాపు అన్నీ అసింక్రనస్ పద్ధతిలో తమ గడియారంతో తామే డేటా అడిగి తీసుకుంటాయి. అవతల పెట్టెలో ఎంత ఖరీదైన క్లాక్ ఉన్నా ఇక్కడ దానికి పనే లేదు. ఒక్కటి ఒప్పుకోవాలి, యూఎస్‌బీ తీగలోంచి విద్యుత్ రొద డాక్‌లోకి పాకే అవకాశం ఉంది. దానికి మందు ఆప్టికల్ కేబులో, మంచి ఎర్తింగో. లక్షలు కాదు.

"నీ చెవులు బాలేవు" అనే వాదన ఒకటుంది. కావొచ్చు. మేయర్, మొరాన్ అని ఇద్దరు 2007లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ జర్నల్లో తమ పరీక్షల ఫలితం రాశారు. హై-రెస్ శబ్దాన్ని మధ్యలో సీడీ స్థాయికి, అంటే 16 బిట్లు 44.1 కిలోహెర్ట్జ్‌కి దించినా, మామూలు వాల్యూమ్‌లో వినేవాళ్ళు కనిపెట్టలేకపోయారు. 2016లో రైస్ అనే ఆయన పాత పరీక్షలన్నీ కలిపి లెక్కేస్తే సరైన జవాబులు 52 శాతం పైచిలుకు తేలాయి. గాలివాటం కాదు, నిజమే, కానీ ఆ రెండు శాతం కోసమా మూడున్నర లక్షలు? ఇక 2022లో మోఫీ కంపెనీ బండారం బయటపడింది. స్వచ్ఛమైన అనలాగ్ అని జనం నెత్తిన పెట్టుకున్న ఎల్పీల తయారీలో మధ్యన డిజిటల్ మెట్టు ఉందని తేలింది. అన్నేళ్ళూ ఆ బంగారు చెవుల్లో ఒక్కటి కూడా పట్టుకోలేదు. ఎంక్యూఏ కథ తెలిసిందే. 2014లో వచ్చింది, దాని నీలం లైటు వెలిగితే స్టూడియోలో ఉన్నట్టే అన్నారు. 2023లో కంపెనీ దివాలా బాట పట్టింది, 2024లో టైడల్ దాన్ని వదిలేసి ఫ్లాక్‌కి మారింది. అన్నట్టు, మావాడి డబ్బా అట్ట మీద గొప్పగా బొమ్మలేసిన టైడల్, కోబజ్ రెండూ అధికారికంగా ఇండియాలో లేనేలేవు.

ఇంతవరకూ వాడి డబ్బు, వాడిష్టం. నా అసలు గొడవ ఇది కాదు.

ఆ సాయంత్రం వాడు ఘంటసాల పెట్టాడు. ఘంటసాల పుట్టింది 1922లో, గుడివాడ దగ్గర చౌటపల్లిలో, అంటే కొల్లేటికి ఆ ఒడ్డున, మా ఊరి మనిషికిందే లెక్క. తెర మీద 24 బిట్లని ముద్ర. పాట మొదలైంది. ప్లేటు గరగర పోగొట్టబోయి "స"లూ "శ"లూ కలిపి ఊడ్చేశారు. తబలా నీళ్ళలో మునిగి మోగుతోంది. పైగా, అప్పుడు లేని ప్రతిధ్వని ఒకటి తగిలించారు. ఇదే పాట వేరే యాప్‌లో పెడితే అర శ్రుతి పైన ఉంది. ప్లేటుని ఆరు శాతం వేగంగా తిప్పితే చాలు, సరిగ్గా అర శ్రుతి పెరుగుతుంది. ఆయన గొంతు పలచబడి ఎవరో కుర్రాడు పాడినట్టుంది. 78 ప్లేట్లో ఎనిమిది పది కిలోహెర్ట్జ్ దాటాక ఉండేది హిస్సు తప్ప మరేం కాదు. దాన్ని 24 బిట్లలో పోస్తే ఏమవుతుంది? ఖరీదైన హిస్సవుతుంది. పోయింది తెచ్చిచ్చే స్ట్రీమర్ ఏ దేశంలోనూ తయారవలేదు.

రికార్డింగ్ బావుంటే ఏ డబ్బాలోనైనా బావుంటుంది. పాలకొల్లులో పుట్టి, 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ చేసిన మాండలిన్ శ్రీనివాస్ 1995లో రియల్ వరల్డ్ వాళ్ళకి మైకేల్ బ్రూక్‌తో కలిసి 'డ్రీమ్' చేశాడు. అది నా ఆరు వేల పైలో కూడా మెరుస్తుంది.

పేర్ల సంగతి ఇంకా ఘోరం. మావాడి లైబ్రరీలో ఘంటసాల నాలుగు స్పెల్లింగుల్లో నలుగురు మనుషులు. 1957 మాయాబజార్ తీస్తే సంగీతం ఘంటసాల అని ఒక్క పేరే. ఎస్. రాజేశ్వరరావు నాలుగు పాటలకి బాణీలు కట్టి తప్పుకున్నాక మిగతాది ఘంటసాల పూర్తిచేశాడన్నది పాత సినిమా వాళ్ళందరికీ తెలిసిన కథ. ఆ నాలుగు పాటల మీద రాజేశ్వరరావు పేరు రాయడానికి ఒక్క రూపాయి ఖర్చు కాదు. మ్యూజిక్‌బ్రెయిన్జ్ లాంటి డేటాబేసులో ఎవరైనా ఖాతా తెరిచి దిద్దొచ్చు. ఆఫీసులో ఫీల్డ్ పేరు తప్పుంటే కోడ్ రివ్యూలో ముప్పై కామెంట్లు పెట్టేవాళ్ళం, ఇక్కడ మాత్రం స్పీకర్ కేబుల్ నేలకి తగలకుండా పింగాణీ స్టాండ్లు కొంటాం!

మేమిలా అరుచుకుంటుంటే వాళ్ళ నాన్నగారు లోపల్నుంచి వచ్చారు. "ఏమోయ్, అంత గొప్ప మిషనైతే నా క్యాసెట్లు పాడుతుందా?" అన్నారు. అటక మీద రెండు బిస్కెట్ డబ్బాల పెట్టెలు. 1980ల్లో టూ-ఇన్-వన్‌తో ఆయన విజయవాడ రేడియోలోంచి పట్టిన భక్తిరంజనులు, నాటకాలు. వాటితోపాటు కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరలో ఓ హరిదాసుగారి కథ, రెండు క్యాసెట్లు. ఆయన పోయి చాలాకాలమైంది. ప్లేటు ఇవ్వలేదు, సినిమాకి పాడలేదు. నేను వెతికిన ఏ యాప్‌లోనూ ఆయన పేరే లేదు.

మొదటి పెట్టెలో నలభై ఆరు క్యాసెట్లు, పదకొండింటికి బూజు. మా వైపు చెమ్మ సంగతి తెలిసిందేగా. పాత డెక్ ఒకటి సంపాదించాం. హెడ్ పక్కన స్క్రూ తిప్పి గొంతు స్పష్టంగా వచ్చేచోట ఆపి, 24 బిట్లలో ఎక్కించడం మొదలెట్టాం. (24 బిట్ల అసలు ఉపయోగం ఇక్కడ. వినేటప్పుడు కాదు, ఎక్కించేటప్పుడు. ఎంత తగ్గించి ఎక్కించినా నష్టం లేదు.) జాతర క్యాసెట్ మొదటిది పది నిమిషాలు పాడి తెగింది. టేపు అతికించి కొత్త డొక్కులోకి మార్చాం. జనరేటర్ రొద, ఎవరో పిల్లాడి ఏడుపు, మైకు సెట్టువాడి "హలో హలో", వీటన్నిటి మధ్య ఆయన చిడతలు. నాన్నగారు కుర్చీ దగ్గరకి జరుపుకుని, "ఆ ఏడుపు వీడిదే" అన్నారు మావాణ్ణి చూపించి.

స్ట్రీమర్ అమ్మకానికి పెట్టమన్నాను. సగం ధర కూడా రాదంటున్నాడు. రెండో పెట్టె ఇంకా తెరవలేదు, అందులో ఎన్నింటికి బూజు పట్టిందో ఆదివారం తేలుతుంది.