ల్యాబ్‌కు తాళం, చేతిలో ఫోను: మా ఇంటి హైస్కూల్ పిల్ల ఏమంటాదంటే

మా అన్న కూతురు తొమ్మిదో తరగతి. చింతామణి తాలూకాలో ప్రభుత్వ హైస్కూలు, కన్నడ మీడియం. మేం చదివింది కూడా అట్లాంటి ఇస్కూల్లోనే. మొన్న వాళ్ళ స్కూల్లో వ్యాసం పోటీ పెట్టినారు, విషయం కంప్యూటర్ విద్య. లాభాలు ఐదు, నష్టాలు ఐదు, చివర్లో ‘మితంగా వాడితే మేలు’ అని రాసి రెండో బహుమతి తెచ్చుకుంది. ఆ వ్యాసం మాకు చదివి వినిపించి, తర్వాత నవ్వుతా “ఇది టీచర్లకు రాసింది చిన్నాయనా, నేననుకునేది వేరే” అనింది. ఆ వేరేది ఏందో ఇక్కడ రాయాలని మా ఆశ. కొన్ని మాటలు మాకు నచ్చినాయి, కొన్నిటికి మేం ఒప్పుకోం. రెండూ రాస్తాం.

ఆమె మొదటి మాట: కంప్యూటర్ క్లాసులో కంప్యూటర్ తప్ప అన్నీ ఉంటాయి. ల్యాబ్ ఉంది, దానికి తాళం ఉంది, తాళం చెవి హెడ్మాస్టర్ గారి బీరువాలో ఉంది. పది యంత్రాల్లో ఆరు పనిచేస్తాయి, యూపీఎస్ బ్యాటరీలు ఎప్పుడో పోయినాయి. కరెంటు పోయిందంటే అందరూ లేచి బయటికి రావడమే. వారానికి ఒక పీరియడ్, అదీ పరీక్షలు దగ్గరకొస్తే లెక్కల మాస్టారు తీసుకుంటాడు. మౌస్ బొమ్మ నోట్ బుక్కులో గీసి భాగాలు గుర్తించడం హోంవర్క్.

ఇది విని మాకు ఆశ్చర్యం వేయలేదు. మేం హైస్కూల్లో ఉన్నప్పుడు కర్ణాటకలో ‘మాహితి సింధు’ అనే పథకం కింద స్కూళ్ళకు కంప్యూటర్లు వచ్చినాయి. చెప్పులు బయట విడిచి, గుడిలోకి పోయినట్టు పోతా ఉంటిమి. ఒక్కో యంత్రానికి నలుగురం. ఒకరు మౌస్ పట్టుకుంటే మిగతా ముగ్గురు చూసేది. పెయింట్‌లో ఇల్లు, కొండ, సూర్యుడు గీసేది. అంతకు ముందే, 1984–85లో, కేంద్రం ‘క్లాస్’ పేరుతో దేశంలోని కొన్ని స్కూళ్ళకు బీబీసీ మైక్రో యంత్రాలు ఇచ్చింది. 2004 డిసెంబర్‌లో ఐసీటీ పథకం వచ్చింది. 2020 జాతీయ విద్యా విధానం ఆరో తరగతి నుంచే కోడింగ్ అంటోంది. నలభై ఏళ్ళుగా యంత్రాలు వస్తానే ఉన్నాయి, తాళం మాత్రం పోలేదు.

తాళం ఎందుకు పోలేదంటే, పరీక్షలో లేదు కాబట్టి. మా ఎస్సెస్సెల్సీ 625 మార్కులకు. ఆ 625లో కంప్యూటర్‌కు ఒక్క మార్కు లేదు. మార్కు లేని దానికి పీరియడ్ ఎవరిస్తారు? పక్కన కేరళలో 2005 నుంచే పదో తరగతి పరీక్షలో ఐటీ ఒక సబ్జెక్టు, ప్రాక్టికల్‌తో సహా. అదీ డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్ మీద కాదు, లినక్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ మీద. ప్రాక్టికల్ ఉందంటే యంత్రం పనిచేయాల్సిందే, ల్యాబ్ తెరవాల్సిందే. పిల్లల మీద ఇంకో పరీక్ష భారం ఎందుకని అడిగేవాళ్ళున్నారు. ఈ పిల్లే చెప్తాది, “పరీక్ష పెడితే కదా మాకు తాళం తీసేది” అని. మేం ఆమె పక్షమే.

రెండో మాట మాకు ఇంకా నచ్చింది. “ఫోన్ వచ్చినోళ్ళంతా కంప్యూటర్ వచ్చినట్టు అనుకుంటారు” అంటాది. వాళ్ళ క్లాసులో రీల్ ఎడిట్ చేసేవాళ్ళున్నారు గానీ, దిగిన ఫోటో ఎక్కడ సేవ్ అయిందో అడిగితే చెప్పలేరంట. ఫోల్డర్ అంటే తెలియదు. మా ఆఫీసుకు కొత్తగా వచ్చే ఇంజనీర్లలోనూ కొంతమందిలో మేం ఇదే చూస్తాం. మన ఊళ్ళల్లో పెద్దోళ్ళు మాత్రం పిల్ల ఫోన్‌పే చేస్తే చాలు, “మావాడు కంప్యూటర్లో కింగ్” అంటారు.

ఆమె మూడో మాట దగ్గర కొంచెం ఆగాల. కోడింగ్ తర్వాత, ముందు ఫారం నింపేది నేర్పాలంటాది. ఎందుకో వినండి. ఆమె క్లాసులో ఒక అమ్మాయికి స్కాలర్‌షిప్ ఆగిపోయింది. ఆధార్‌లో లక్ష్మి అనే పేరుకు ఇంగ్లీషులో ఎక్స్ ఉంది, స్కూలు రికార్డులో కేఎస్‌హెచ్ ఉంది. పిల్ల ఒకటే, ఇల్లు ఒకటే, వేలిముద్ర ఒకటే. కంప్యూటర్‌కు మాత్రం ఇద్దరు. వాళ్ళ నాయన కూలి పోగొట్టుకొని మూడుసార్లు తాలూకా ఆఫీసు చుట్టూ తిరిగినాడు.

మనబోటి ఇళ్ళల్లో ఇది ఇంకా ఎక్కువ. కర్ణాటకలో 2000 తర్వాత ‘భూమి’ కింద పహణీలన్నీ కంప్యూటర్‌కు ఎక్కినాయి, 2002 నుంచి చేతిరాత పహణీ చెల్లదన్నారు. అందులో మన తాతల పేర్లు ఎట్లుంటాయి? ఫలానప్ప బిన్ ఫలానప్ప. అంటే ఫలానావాడి కొడుకు. ఇంటిపేరు ఉండదు. మన ఇంటిపేర్లు పెళ్ళిసంబంధం మాట్లాడేటప్పుడు, గోత్రం అడిగేటప్పుడు తప్ప బయటికి రావు. స్కూల్లో ఊరి పేరు, నాయన పేరు కలిపి రెండు ఇనిషియల్స్. ఆన్‌లైన్ ఫారం మాత్రం ‘సర్‌నేమ్ తప్పనిసరి’ అని ఎర్ర నక్షత్రం పెట్టి కూర్చుంటాది. ఒకరు ఇనిషియల్ రాస్తారు, ఒకరు నాయన పేరు రాస్తారు, ఒకరు ఒక చుక్క పెట్టి ముందుకు పోతారు. పదేళ్ళ తర్వాత భూమి పంచుకునేటప్పుడు అన్నకు ఒక పేరు, తమ్ముడికి ఒక పేరు.

మాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. అంటే ఇంకొకరు కట్టిన ఇంటికి పోయి తలుపులు తోసి, గోడలు తట్టి చూసే పని అనుకోండి. ఇంటిపేరు లేనివాడు ఈ ఫారం నింపితే ఏమవుతుంది అని అడగడమే మా జీతం. ఆ ప్రశ్న మాకు ఏ ఇంగ్లీషు పుస్తకమూ నేర్పలేదు, తాత పహణీ నేర్పింది. అందుకే ఆ పిల్ల మాటకు మేం ఇంకొకటి కలుపుతాం. ఫారం నింపేది నేర్పితే చాలదు, ఫారం తప్పు అని చెప్పేదీ నేర్పాల. చుక్క పెట్టి ముందుకు పోయేదాన్ని తెలివి అంటే మేం ఒప్పుకోం.

ఇంక మేం ఒప్పుకోని మాటలు. కన్నడ మీడియం వాళ్ళకు కంప్యూటర్ రాదు, ఇంగ్లీషు రావాలంటాది. ఎర్ర అక్షరాల్లో వచ్చే ఎర్రర్ మెసేజ్ ఇంగ్లీషులోనే ఉంటాది, నిజమే. అది చదవను నేర్చుకోవాల. కానీ ఆ రెండు లైన్లు చదివే ఇంగ్లీషు వేరే, దానికోసం మీడియం మార్చి లక్షలు పోసేది వేరే.

ఇంకో మాటకు మాకు కోపం కూడా వచ్చింది. “తెలుగు అక్షరాలు ఎందుకు చిన్నాయనా, ఫోనే చదివి వినిపిస్తాది కదా” అనింది. మన పిల్లల్లో చాలామంది అనుకునేదే ఇది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, ఆఫీసులో ఇంగ్లీషు. తెలుగు నోట్లో ఉంటే చాలు, రాతలో ఎందుకు అని. మేం వాదన పెట్టుకోలేదు. దసరా సెలవులకు బెంగళూరు మా ఇంటికి వచ్చినప్పుడు, అవ్వ పాటల పుస్తకం చేతికిచ్చినాం.

మా అవ్వ చదివింది కన్నడంలో నాలుగో తరగతి. ఆమె పాడేది తెలుగులో. పెళ్ళి పాటలు, నలుగు పాటలు, దంచేటప్పటి పాటలు. రాసుకున్నది మాత్రం కన్నడ అక్షరాల్లో. మన వైపు ఇది వింత కాదు, కైవారం తాతయ్య తెలుగు కీర్తనలు కూడా కన్నడ లిపిలో అచ్చయిన పుస్తకాల్లోనే మన ఇళ్ళల్లో పాడుతారు. ఆ నోట్ బుక్కును తెలుగు లిపిలోకి మార్చాల, చేత్తో కాదు, కంప్యూటర్‌తో. అదీ పందెం.

దీనికొక దారి ఉంది. కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికి ఒక నంబర్ ఉంటాది, ఆ పట్టికే యూనికోడ్. 1988 నాటి మన దేశపు ఇస్కీ ప్రమాణాన్ని అనుసరించి, 1991లో యూనికోడ్‌లో భారతీయ లిపులన్నిటినీ ఒకే వరసలో పేర్చినారు. తెలుగు క నంబర్ 3093, కన్నడ క నంబర్ 3221. తేడా 128. ఏ అక్షరం తీసుకున్నా, గుణింతం తీసుకున్నా, అదే 128. తెలుగు వీధి, కన్నడ వీధి పక్కపక్కనే, ఇళ్ళు ఒకే వరస. కన్నడ అక్షరం నంబర్ నుంచి 128 తీసేస్తే తెలుగు అక్షరం. పైథాన్‌లో నాలుగు లైన్ల పని.

ఆమె మొదట స్కూల్లో నేర్పినట్టు నుడి సాఫ్ట్‌వేర్‌లో పాత ఫాంట్‌తో ఒక పాట టైప్ చేసింది. తెర మీద కన్నడమే కనబడింది, లోపల నంబర్లు చూస్తే ఇంగ్లీషు అక్షరాల లెక్కలో ఉన్నాయి. అది యూనికోడ్ కాదు, పైన కన్నడ బొమ్మ తొడిగిన వేరే అక్షరం. కంటికి కనిపించేది ఒకటి, కంప్యూటర్ దాచుకునేది ఒకటి అని అప్పుడు అర్థమైంది. మళ్ళీ ఫోన్‌లో కన్నడ కీబోర్డుతో టైప్ చేసింది. ఈసారి ప్రోగ్రాం మొదటి పదం దాటగానే ఎర్ర అక్షరాలు చూపించి ఆగిపోయింది. గంటసేపు కూర్చుంది, మేం చెప్పలేదు. తర్వాత తనే పట్టింది. రెండు పదాల మధ్య ఖాళీ ఉంది కదా, కంప్యూటర్‌కు అదీ ఒక అక్షరమే. దాని నంబర్ 32. దాంట్లోంచి 128 తీస్తే సున్నా కంటే కిందికి పోతాది, ఆ నంబర్‌కు అక్షరం ఎక్కడిది? అందుకని 3200 నుంచి 3327 దాకా ఉన్న కన్నడ నంబర్లను మాత్రమే మార్చు, మిగిలినవి ముట్టుకోవద్దు అని ఇంకో లైను రాసింది. పాట తెలుగులో వచ్చింది.

తొమ్మిదో తరగతి పిల్లకు కంప్యూటర్ విద్య అంటే మా దృష్టిలో ఇదే. ఏడాదికి వేలు కట్టించుకొని ఆరేళ్ళ పిల్లలతో యాప్ చేయిస్తామని లాక్‌డౌన్‌లో ప్రకటనలు వచ్చినాయే, దానికన్నా ఈ ఖాళీ జాగా లెక్క మేలు.

తర్వాత జరిగిందే అసలు. తెలుగులో వచ్చిన పాటను ఆమె చదవలేకపోయింది. అక్షరాలు రావు కదా. ఫోన్‌తో చదివించింది. ఫోన్ వార్తలు చదివినట్టు చదివింది. అవ్వ విని, “ఇదెవురమ్మా, పట్నపోళ్ళు మాట్లాడినట్టుంది” అనింది. ‘చుట్టాలు’ అనే మాటలో చ మన అవ్వలు పలికేది వేరే. నాలుక పళ్ళకు తగిలి వచ్చే ఆ చకారానికి తెలుగులో ౘ అని వేరే అక్షరమే ఉంది, దాని నంబర్ 3160. దానికి 128 కలిపి కన్నడ వైపు పోతే ఆ ఇల్లు ఖాళీ. అంటే కన్నడ లిపిలో రాసిన నాడే ఆ తేడా రాతలోంచి జారిపోయింది. ఇప్పటి తెలుగు రాతలో కూడా ఆ అక్షరం దాదాపు ఎవరూ వాడరు, అది వేరే సంగతి. ఏ చ ఎట్లా పలకాలో ఈ ఇంట్లో తెలిసింది అవ్వకే, ఆమెకు ఎనభై రెండు. ఇప్పుడు పిల్ల అవ్వ దగ్గర కూర్చొని పదం పదం అడిగి గుర్తు పెడతా ఉంది. గుర్తు పెట్టాలంటే ఆ అక్షరం చదవను రావాల కాబట్టి, అఆలు మొదలుపెట్టింది. కన్నడం వచ్చిన పిల్లకు తెలుగు అక్షరాలు పది రోజుల పని, తలకట్టు చూసుకుంటే సగం వచ్చినట్టే.

మన లిపి కంప్యూటర్‌కు ఎంత కష్టమో ఆమెకు ఇంకో సంగతి కూడా చెప్పినాం. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌లో పంపితే ఐఫోన్‌లో యాప్‌లు కుప్పకూలినాయి. అది ‘జ్ఞా’లాంటి అక్షరం, మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు చేరి ఉన్నది. కొద్ది రోజుల్లోనే దాన్ని సరిచేస్తూ కొత్త వెర్షన్ విడుదల చేసినారు. మా పనిలో ఉన్నోళ్ళు దీన్ని మరిచిపోరు. ప్రపంచమంతా వాడే ఫోన్‌లో తెలుగు ఒత్తు, గుణింతం కలిసిన చోటు ఎవరూ తట్టి చూడలేదన్నమాట. తెలుగు చదవనొచ్చినోళ్ళు ఆ పనిలో ఇంకా కావాల. ఆమెకు ఈ మాట మిగతా వాదనలన్నిటికంటే బాగా పట్టింది.

ఏఐ గురించి ఆమెకు మాకంటే తక్కువ భయం, తక్కువ భక్తి. ఒకసారి మా ఊరి చెరువు ఎవరు తవ్వించినారని అడిగితే, లేని రాజు పేరు చెప్పి, ఇసవి కూడా చెప్పిందంట. “తెలియదు అనను రాదు దానికి” అంటాది. హోంవర్క్‌కు వాడదా అంటే వాడతాది, దాచదు. ప్రతి పిల్లకూ ట్యాబ్ ఇచ్చి వీడియోల్లోనే పాఠాలు చెప్పాలని కూడా అంటాది. అది మాకు సరిపడలేదు. 2020లో ఇంట్లో ఒకటే ఫోను, ముగ్గురు పిల్లలు. ఆమె అన్నకు చందన టీవీలో పాఠాలు వస్తా ఉంటే ఆమెకు ఏమీ లేదు, నాలుగో తరగతి సగం అట్లే పోయింది. ఆ సంవత్సరం పోయిన భాగహారం ఇప్పటికీ ఆమెను తడబడిస్తాది. వీడియో ఉండొచ్చు, అది ఆగిన చోట అడగడానికి మనిషి కావాల.

ఇప్పుడు ఇంట్లో నడిచే వాదన వేరే. వచ్చే ఏడు పదో తరగతి, తర్వాత పీయూసీ. మా తాలూకాలో అందుబాటులో ఉన్న ప్రభుత్వ కాలేజీలో సైన్స్ తీసుకుంటే బయాలజీయే, కంప్యూటర్ సైన్స్ గ్రూపు లేదు. అది కావాలంటే బెంగళూరులో మా దగ్గర ఉండి చదవాల. మా వదినకు పిల్లను పంపడం ఇష్టం లేదు. మా అన్న రెండు ఎకరాల మల్బరీ చూపించి ఫీజు లెక్క వేస్తాడు. అవ్వ మాత్రం పాటల పుస్తకం పూర్తి కానిదే పిల్ల ఎక్కడికీ పోయేది లేదంటోంది. ఇంకా నలభై పాటలున్నాయి.