తుమ్ము, దగ్గు, తవక్కుల్

శీతకాలం ప్రవేశించగానే మా మదరసాలో ఖుర్ఆన్ పారాయణంతో పాటు తుమ్ములూ దగ్గులూ వినవస్తాయి. ఈ యేడు ఉబ్బసమున్న ఒక విద్యార్థికి రాత్రివేళ ఆయాసం ముదిరింది. అలవాటైపోతుందన్న భయంతో ఇంట్లోవారు ఇన్‌హేలర్ మాన్పించారు. తేనె, కలోంజీ చాలునని చెప్పినప్పుడు మేమూ తలయూపాము. అది మా పొరపాటు.

అల్లాహ్ ప్రతి వ్యాధికీ నివారణను దించాడని దైవప్రవక్త (స) బోధించారు. వైద్యుడు వ్రాసిన మందు కూడా ఆ కారుణ్యంలోనిదే. దానిని విడిచిపెట్టడం తవక్కుల్ కాదు. ఒంటెను కట్టివేసి, ఆ పిదప అల్లాహ్‌పై భారం వేయమన్నది ప్రవక్త ఉపదేశం.

తుమ్మేటప్పుడు ముఖాన్ని కప్పుకోవడం ఆయన సంప్రదాయం. వుజూలో ముక్కును శుభ్రపరచుకుంటే దుమ్ము తొలగుతుంది. దుప్పట్లనూ జానిమాజులనూ తరచుగా ఉతికి ఎండబెట్టండి. మామూలు జలుబు వైరస్ వల్ల కలిగేది. దానికి యాంటీబయాటిక్ పనిచేయదు. ఏడాది నిండని పసిబిడ్డకు తేనె నాకించకండి. ఊపిరి అందకపోతే తెల్లవారేదాకా ఆగకండి.

ఆ బాలుడు ఇప్పుడు కులాసాగా ఉన్నాడు, అల్‌హందులిల్లాహ్. అతని కోసం మేము దుఆ చేస్తున్నాము. మందు వేళనూ గుర్తుచేస్తున్నాము.