పడవ వైరింగులోనూ కెరీర్ ఉంది!

‘బీటెక్ అయింది, ఇప్పుడేం నేర్చుకోవాలి?’ అని అడిగితే చాలామంది ఏదో ఒక కోడింగ్ లాంగ్వేజ్ పేరే చెబుతారు. ఈసీఈ, ఈఈఈ చదివిన మీరు మాత్రం ఓసారి పడవలోకి తొంగిచూడండి.

జీపీఎస్, నీటి లోతు చెప్పే ఎకో సౌండర్, ఇంజిన్, ఆటోపైలట్... ఒక్కోటి ఒక్కో కంపెనీది. ఇవి మాట్లాడుకోవాలంటే ఉమ్మడి భాష కావాలి. పాత ప్రమాణం ఎన్‌ఎంఈఏ 0183లో ఒక లైనుపై ఒక్క పరికరమే మాట్లాడుతుంది, మిగతావి వింటాయి. మామూలు వేగం సెకనుకు 4,800 బిట్లు. తర్వాత వచ్చిన ఎన్‌ఎంఈఏ 2000లో ఒకే కేబుల్‌పై 50 పరికరాల దాకా మాట్లాడుకోవచ్చు. వేగం 2.5 లక్షల బిట్లు. దీని పునాది కార్లలో ఉండే క్యాన్ బస్సే. లారీలు, ట్రాక్టర్లలోనూ అదే. కాబట్టి పడవ కోసం నేర్చుకున్నది రోడ్డు మీదా, పొలంలోనూ పనికొస్తుంది.

అయితే థియరీ ఒక్కటే చాలదు. ఈ కేబుల్ రెండు చివర్లలో 120 ఓమ్‌ల టెర్మినేటర్లు ఉండాలి. పవర్ ఆపి, రెండు డేటా తీగల మధ్య మల్టీమీటర్ పెడితే సుమారు 60 ఓమ్‌లు రావాలి. 120 వచ్చిందంటే ఒక టెర్మినేటర్ లేనట్టే. ఇంటర్‌లో చదివిన సమాంతర నిరోధాల లెక్కే ఇది! పరీక్షలో అందరం చేశాం. తెరపై లోతు కనిపించక పడవ ఆగినప్పుడు గుర్తొచ్చేవాళ్లే ఇంజినీర్లు.

లినక్స్‌లోని సాకెట్‌క్యాన్‌తో, ఏ పరికరమూ కొనకుండా వర్చువల్ బస్ నడపొచ్చు. ఈ ఆదివారమే మొదలుపెట్టండి. సర్టిఫికెట్ సంగతి తర్వాత చూద్దాం.